ఒప్పుకున్న తప్పు, ఒప్పుకోని ఒప్పు

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకు ఈ స్త్రీ శక్తి పథకం వర్తిస్తుంది. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో గాజువాక వెళ్లే సిటీ బస్సు ఎక్కిన మహిళ డబ్బు ఇవ్వక్కర్లేదు గానీ టికెట్ తీసుకోవాలి. జనం నోట్లో అది జీరో టికెట్. ఇవ్వాల్సిన డబ్బు సున్నా, టికెట్ మాత్రం చేతిలో ఉంది.

పైథాన్ నేర్చుకుంటున్న ఒక విద్యార్థి ఈ టికెట్ల లెక్క తీసే చిన్న ప్రోగ్రామ్ రాశాడనుకుందాం. ప్రతి టికెట్‌కీ ఛార్జీ అనే అంకె ఉంటుంది. కండక్టర్ మెషీన్ నుంచి వివరం రాకపోతే ఆ చోట ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడానికి పైథాన్ పెట్టిన పేరు నన్. విద్యార్థి ‘ఇఫ్ ఛార్జీ’ అని రాశాడు. ఉంటే టికెట్ల లెక్కలో కలిపాడు, లేకపోతే ‘వివరం అందలేదు’ అనే జాబితాలో వేశాడు. ఏ పేరులో ఏ రకం విలువ, అంటే ఏ టైప్, ఉంటుందో ప్రోగ్రామ్ నడపకముందే సరిచూసే టైప్ చెకర్ నడిపితే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. తీరా ఫలితం చూస్తే జీరో టికెట్లన్నీ ‘వివరం అందలేదు’ జాబితాలో ఉన్నాయి. కారణం చిన్నదే. పైథాన్ షరతుల్లో సున్నా కూడా అబద్ధం కిందే లెక్క.

మర్నాడు అదే విద్యార్థి ఇంకో ఫంక్షన్ రాశాడు. తర్వాతి బస్సు ఉందో లేదో చూసుకుని, ఉంటేనే అది వచ్చే ఐదు నిమిషాల ముందు మోగేలా అలారం పెట్టాడు. అలారం మోగినప్పుడు బస్సు నంబరు చూపించాలి. ఎన్నిసార్లు నడిపినా బాగానే నడిచింది. చెకర్ మాత్రం నంబరు చదివే చోట ఎర్ర గీత పెట్టింది, ఇక్కడ బస్సు నన్ కావచ్చు అని. పైన ఇఫ్ పెట్టి చూశాం కదా, ఇంకా కావచ్చేమిటి అని ఎవరికైనా చిరాకు వస్తుంది.

తప్పును ఒప్పుకోవడం, ఒప్పును ఒప్పుకోకపోవడం, ఈ రెండూ ఒకే పద్ధతి నుంచి వచ్చాయి. దాని పేరు టైప్ నారోయింగ్, అంటే ఇఫ్‌లను చూసి టైప్‌ను సన్నబరచడం. చెకర్ నిజంగా ఏం రుజువు చేస్తుంది, ఆ రుజువు ఎంతసేపు నిలుస్తుంది అన్నది పట్టుబడితే రెండు సంఘటనల్లోనూ వింతేమీ కనిపించదు.

ముందుగా ఆప్షనల్, అంటే విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు అని చెప్పే టైప్ సంగతి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఉందో లేదో తెలియని వస్తువు మీద పని మొదలుపెట్టేయడం ప్రోగ్రామర్లకు పాత అలవాటు. 1965లో ఆల్గోల్ డబ్ల్యూ భాష కోసం నల్ రెఫరెన్స్‌ను, అంటే దేన్నీ చూపించని ఖాళీ విలువను, రూపొందించిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, 2009లో లండన్‌లో జరిగిన క్యూకాన్ సదస్సులో దాన్ని తన వంద కోట్ల డాలర్ల తప్పుగా చెప్పుకున్నాడు. అసలు చిక్కు ఖాళీ అనే విలువ ఉండటంలో లేదు. అది ప్రతి టైప్‌లోనూ చెప్పాపెట్టకుండా దూరిపోవడంలో ఉంది. అంకె అని రాసి ఉన్న చోట అంకె ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు, ఏది ఉందో టైప్ చెప్పదు.

పైథాన్‌లో టైపులు రాసే పద్ధతికి పునాది అయిన పెప్ 484 అనే ప్రతిపాదన 2014 సెప్టెంబర్ చివర్లో మొదలైంది. రెండు వారాల తర్వాత, అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసింది కాబట్టి ఇక్కడివాళ్లకు ఆ కాలం గుర్తుపెట్టుకోవడం తేలిక. 2015లో వచ్చిన పైథాన్ 3.5తో ఆప్షనల్ అందరి చేతికీ వచ్చింది. పేరు మాత్రం సరిగ్గా కుదరలేదనే చెప్పాలి. ఆప్షనల్ అనగానే, ఇవ్వకపోయినా ఫరవాలేని ఆర్గ్యుమెంట్ (ఫంక్షన్‌కు అందించే విలువ) అని కొత్తవాళ్లు అర్థం చేసుకుంటారు. దానికి ఆ అర్థం లేదు. ఆప్షనల్ అంకె అంటే అంకె గానీ నన్ గానీ, అంతే. 2021లో పైథాన్ 3.10 వచ్చాక రెంటి మధ్య నిలువు గీత పెట్టి ‘అంకె లేదా నన్’ అని సూటిగా రాసే వీలు కలిగింది, గందరగోళం కొంత తగ్గింది. మొదట్లో ఆర్గ్యుమెంట్‌కు డిఫాల్ట్‌గా నన్ ఇస్తే చాలు, దాన్ని ఆప్షనల్ కింద లెక్కేసుకునే సడలింపు ఉండేది. తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2022 నవంబర్‌లో వచ్చిన మైపై 0.990 నుంచి ఆ చెకర్ కూడా దాన్ని మామూలుగా ఒప్పుకోవడం మానేసింది. చెప్పాపెట్టకుండా ఖాళీ దూరకూడదని మొదలుపెట్టిన పనిలో అదే ఖాళీ దొడ్డిదారిన రావడం ఏమంత బాగుండదు కదా.

ఇప్పుడు నారోయింగ్. విశాఖ నుంచి భీమిలి వెళ్లడానికి రెండు దారులు. రుషికొండ మీదుగా బీచ్ రోడ్డు ఒకటి, మధురవాడ, ఆనందపురం మీదుగా హైవే ఇంకొకటి. బీచ్ రోడ్డులో ఉన్నంతసేపూ పక్కన సముద్రం ఉందని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. భీమిలిలో దిగిన మనిషిని చూసి మాత్రం ఏ దారిన వచ్చాడో చెప్పలేం, రెంటిలో ఏదో ఒకటి అనగలం. చెకర్ కూడా ఇఫ్ దగ్గర ఇలాగే నడుస్తుంది. ‘బస్సు నన్ కాదు’ అనే కొమ్మలో బస్సు టైప్ ‘బస్సు’. రెండో కొమ్మలో ‘నన్’. కొమ్మలు మళ్లీ కలిసిన చోట టైపులు కూడా కలిసిపోయి ‘బస్సు లేదా నన్’ అవుతుంది. ప్రోగ్రామ్‌ను నడపకుండా, దారులు మాత్రమే చూసి ఇదంతా తేలుస్తుంది.

ఒకవేళ నేవీ డే విన్యాసాల కోసం బీచ్ రోడ్డు మూసేశారనుకోండి. అప్పుడు భీమిలిలో దిగినవాళ్లంతా హైవే మీద వచ్చినవాళ్లే. ‘బస్సు నన్ అయితే రిటర్న్’ అని ఫంక్షన్ మొదట్లోనే రాయడం ఆ దారిని మూసేయడమే. నన్ వెళ్లే దారి అక్కడితో ఆగిపోయింది కాబట్టి కింద మిగిలిన కోడ్ అంతటా బస్సు బస్సే. లోపల్లోపలికి జరిగే ఇఫ్‌ల మెట్ల కంటే ఇది చదవడానికి హాయి. స్విఫ్ట్ భాష 2015లో దీనికోసమే గార్డ్ అనే వాక్యం తెచ్చింది.

ఈ ఆలోచనను 2008లో శామ్ టోబిన్-హోక్‌స్టాట్, మథియాస్ ఫెలైసెన్ టైప్డ్ స్కీమ్ అనే భాష గురించి రాసిన పరిశోధనా పత్రంలో ‘అకరెన్స్ టైపింగ్’ అనే పేరుతో వివరించారు. టైప్ వేరియబుల్‌కు ఒక్కసారి అతికించి వదిలేసే చీటీ కాదు, ఆ పేరు కనిపించే ప్రతి చోటా వేరుగా ఉండగలదు అన్నది దాని సారం. జావాస్క్రిప్ట్‌కు టైపులు చేర్చిన భాష టైప్‌స్క్రిప్ట్, 2016 సెప్టెంబర్‌లో వచ్చిన 2.0లో నల్‌ను కచ్చితంగా చూడటం, దారుల వెంట టైపులు లెక్కగట్టడం ఒకేసారి తెచ్చింది. కాట్లిన్ భాష దీన్ని స్మార్ట్ క్యాస్ట్ అంటుంది, డార్ట్ భాష టైప్ ప్రమోషన్ అంటుంది. పేర్లు వేరు, పని ఒకటే.

మళ్లీ జీరో టికెట్ దగ్గరికి. ‘ఇఫ్ ఛార్జీ’ అన్న షరతు నెగ్గిన కొమ్మలో ఛార్జీ నన్ కాదు, నిజమే. కాబట్టి అక్కడ దాన్ని అంకెగా చూసుకోవచ్చు. షరతు ఓడిన కొమ్మలో ఏముంది? నన్ మాత్రమే ఉందని విద్యార్థి అనుకున్నాడు. చెకర్ అలా అనుకోలేదు. ఆ కొమ్మలో ‘రివీల్ టైప్’ పెట్టి అడిగితే మైపై అయినా, ఇంకో పైథాన్ చెకర్ పైరైట్ అయినా ఒట్టి నన్ అని చెప్పవు, నన్‌తో పాటు అంకెకూ చోటు ఉంచుతాయి, ఎందుకంటే సున్నా కూడా అటే వస్తుందని వాటికి తెలుసు. ఇంత తెలిసీ ఎందుకు అరవలేదంటే, ఆ కొమ్మలో విద్యార్థి ఛార్జీని వాడనే లేదు. టికెట్‌ను ఒక జాబితాలో పడేశాడంతే. టైపుల దృష్టిలో అందులో తప్పేమీ లేదు. చెకర్ చూసేది ఈ పని ఈ టైప్ మీద కుదురుతుందా అని మాత్రమే. ఈ టికెట్ ఈ జాబితాలోకి రావాల్సిందేనా అన్నది దాని పరిధిలోది కాదు.

ఈ ఉచ్చులో పడింది విద్యార్థులే అనుకుంటే పొరపాటు. పైథాన్ సొంత లైబ్రరీ కూడా చాలాకాలం ఇలాగే ఉంది. 3.5కు ముందు, యూటీసీ ప్రకారం సరిగ్గా అర్ధరాత్రిని సూచించే టైమ్ వస్తువు ఇఫ్‌లో అబద్ధం అయ్యేది. అర్ధరాత్రి పన్నెండింటికి బయలుదేరే బస్సుకు అసలు టైమే లేదని తేల్చే కోడ్ ఆ రోజుల్లో రాయడం చాలా సులువు. దాన్ని మార్చిన 3.5లోనే టైపుల లైబ్రరీ కూడా రావడం యాదృచ్ఛికమే. కానీ అంకెలు, స్ట్రింగులు, జాబితాలు ఆప్షనల్‌గా ఉన్న చోట ‘ఈజ్ నాట్ నన్’ అని పూర్తిగా రాయడమే మేలు. నాలుగు అక్షరాల బద్ధకం కోసం జీరో టికెట్లను పోగొట్టుకోవడం ఎందుకు?

ఇక అలారం కథ. ఇది ఇంకా లోతైనది, ఒక్కో భాష ఒక్కో తీర్పు ఇచ్చింది ఇక్కడే.

రద్దీ వేళ బస్సు కాంప్లెక్స్‌లోకి రాగానే కిటికీలోంచి చూస్తే సీటు ఖాళీగా ఉంటుంది. చుట్టూ తిరిగి గుమ్మం దగ్గరికి వెళ్లి, ఎక్కి, ఆ సీటు దాకా చేరేసరికి అందులో ఇంకెవరో ఉంటారు. చూసినప్పుడు ఖాళీ అన్నది నిజమే, కూర్చోబోయేసరికి కాదు. నారోయింగ్ ఇచ్చే రుజువు కూడా చూసిన క్షణానిది. చూడటానికీ వాడటానికీ మధ్య ఎవరూ ఆ విలువను మార్చలేరని తేలితేనే అది నిలుస్తుంది.

ఫంక్షన్ లోపలి వేరియబుల్ అయితే ఆ హామీ ఇవ్వడం తేలిక. మధ్యలో దానికి కొత్త విలువ ఇచ్చే వాక్యం ఉందో లేదో చూస్తే చాలు. వస్తువు లోపలి ఫీల్డ్ అయితే అలా కాదు. ‘సెల్ఫ్ డాట్ బస్సు నన్ కాదు’ అని చూసి, తర్వాతి లైనులో ఇంకో మెథడ్‌ను పిలిచి, ఆపైన మళ్లీ ‘సెల్ఫ్ డాట్ బస్సు’ వాడితే, ఆ మధ్యలోని మెథడ్ దాన్ని ఖాళీ చేసి ఉండొచ్చు. లేదా అదే సమయంలో పక్కన నడుస్తున్న ఇంకో థ్రెడ్ మార్చి ఉండొచ్చు. చెకర్ ఏం చేయాలి?

కాట్లిన్ ఒప్పుకోదు. మార్చగల ప్రాపర్టీ అయితే, ఈలోగా అది మారి ఉండొచ్చు కాబట్టి స్మార్ట్ క్యాస్ట్ కుదరదని మొహం మీదే చెబుతుంది. డార్ట్ కూడా ఫీల్డుల విషయంలో చాలాకాలం ససేమిరా అంది. 2023 నవంబర్‌లో వచ్చిన 3.2లో ప్రైవేట్, ఫైనల్ అయిన ఫీల్డులకు మాత్రం తలుపు తెరిచింది. ఫేస్‌బుక్‌లో పుట్టిన ఫ్లో అనే జావాస్క్రిప్ట్ చెకర్ మధ్యలో ఫంక్షన్ కాల్ కనిపిస్తే ఫీల్డు మీద అప్పటిదాకా తేల్చుకున్నది చెరిపేసుకుంటుంది. మైపై, పైరైట్, టైప్‌స్క్రిప్ట్ మాత్రం మధ్యలో మెథడ్ పిలిచినా రుజువు అలాగే ఉందనుకుంటాయి. నిజానికి అది సాహసమే, తెలిసే చేసిన సాహసం. ప్రతి కాల్ తర్వాతా మళ్లీ ఇఫ్ పెట్టమంటే జనం చెకర్‌నే ఆఫ్ చేసేస్తారు. నూటికి నూరుపాళ్లు సరైనదై ఎవరూ వాడని చెకర్ కంటే, అరుదుగా పొరబడినా అందరూ వాడే చెకర్ మేలన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క సరైనదే అనిపిస్తుంది. కాకపోతే పైథాన్ వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఫీల్డుల దగ్గర చెకర్ మౌనం పూర్తి హామీ కాదు.

అలారంలో సమస్య మధ్యలో ఒక కాల్ ఉండటం కూడా కాదు. నంబరు చదివే కోడ్ ఇప్పుడు నడవదు. ఐదు నిమిషాల తర్వాతో, పది నిమిషాల తర్వాతో నడుస్తుంది. ఈలోగా వేరియబుల్‌లో ఏముంటుందో ఎవరికి తెలుసు? అందుకే లోపలి ఫంక్షన్‌లోకి బయటి నారోయింగ్ చొరబడదని చెకర్లు మొదట గట్టిగా గీత గీశాయి. ఆ తర్వాత కొంచెం పట్టు సడలించాయి. లోపలి ఫంక్షన్ పుట్టాక ఆ వేరియబుల్‌కు ఎక్కడా కొత్త విలువ ఇవ్వకపోతే బయటి రుజువును లోపలికి రానిస్తాయి. టైప్‌స్క్రిప్ట్‌లో ఈ వెసులుబాటు 2024 మార్చిలో వచ్చిన 5.4తో వచ్చింది. మైపై, పైరైట్‌లలోనూ ఇలాంటిదే ఉంది. విద్యార్థి కోడ్‌లో బస్సు ఒక క్లాసు ఫీల్డు. ప్రతి నిమిషం సర్వర్ నుంచి సమాచారం రాగానే ఇంకో మెథడ్ దాన్ని మారుస్తుంది. ఆఖరి బస్సు వెళ్లిపోయిన రాత్రి అలారం మోగే సమయానికి అక్కడ నన్ ఉండే అవకాశం నిజంగానే ఉంది. అతను పగలు మాత్రమే నడిపి చూశాడు కాబట్టి బాగుందనుకున్నాడు. ఇక్కడ చెకర్‌దే గెలుపు.

సీటు విషయంలో జనం ఏం చేస్తారో అందరికీ తెలుసు. కిటికీలోంచే కర్చీఫ్ వేసేస్తారు. కోడ్‌లో కర్చీఫ్ అంటే లోకల్ వేరియబుల్. ఫీల్డులోని బస్సును ముందు ‘ఈబస్సు’ అనే లోపలి పేరులోకి తీసుకుని, ఆ పేరు మీద ఇఫ్ పెట్టి, తర్వాత ఆ పేరునే వాడితే గొడవ ఉండదు. ఫీల్డు ఏమైపోయినా ఈ పేరు పట్టుకున్న వస్తువు ఎక్కడికీ పోదు. డిక్షనరీల దగ్గరా ఇదే మందు. ‘గెట్’ పిలిచి నన్ కాదని చూసి, లోపల మళ్లీ ‘గెట్’ పిలిస్తే చెకర్ ఒప్పుకోదు, ఎందుకంటే అవి రెండు వేర్వేరు కాల్స్. రెండోసారి కూడా అదే జవాబు వస్తుందని హామీ ఎక్కడుంది? జవాబును ఒక పేరులో పెట్టుకోవాలి. పైథాన్ 3.8లో వచ్చిన వాల్రస్ అనే గుర్తు (:=)తో పేరు పెట్టడం, చూడటం ఒకే లైనులో అయిపోతాయి.

కర్చీఫ్‌కూ ఒక హద్దుంది. సీటు దక్కింది సరే, ఈలోగా బస్సు రూటు మార్చేస్తే? లోకల్ పేరు టైప్‌కు హామీ ఇస్తుంది గానీ తాజాదనానికి ఇవ్వదు. అలారం మోగినప్పుడు ‘ఈబస్సు’ రద్దయిన బస్సు కావచ్చు. పాతదైనా ఫరవాలేదా, కొత్తది మళ్లీ అడగాలా అన్నది ప్రోగ్రామర్ తేల్చుకోవాల్సిన సంగతి. చెకర్‌ను ఊరుకోబెట్టడానికి మాత్రమే కాపీ చేస్తే క్రాష్ పోయి, దాని స్థానంలో తప్పుడు నంబరు వస్తుంది. క్రాష్ అయితే కనీసం కనిపిస్తుంది.

రస్ట్ భాష ఈ రగడ చాలావరకు పెట్టుకోలేదు. అక్కడ ఆప్షన్ ఒక డబ్బా లాంటిది, తెరవకుండా లోపలిది వాడలేం. తెరిచినప్పుడు లోపలి దానికి అక్కడికక్కడే కొత్త పేరు పెట్టాలి. స్విఫ్ట్‌లోని ‘ఇఫ్ లెట్’ కూడా ఇంతే. అంటే కర్చీఫ్ వేయడం ఆ భాషల్లో వ్యాకరణంలోనే ఉంది. పాత కోడ్ కోట్ల లైన్లు పేరుకుపోయాక టైపులు తెచ్చుకున్న పైథాన్, జావాస్క్రిప్ట్‌లకు ఆ దారి లేదు. జనం ముందే రాస్తున్న ఇఫ్‌లను అర్థం చేసుకోవడమే వాటికి మిగిలింది.

ఇఫ్‌ను వేరే ఫంక్షన్‌లో దాచితే చెకర్ లోపలికి తొంగి చూడదు. ‘బస్సుందా’ అనే ఫంక్షన్ ట్రూ ఇచ్చిందంటే బస్సు ఉన్నట్టే అన్నది మనిషికి తెలుసు, చెకర్‌కు అది ఒట్టి బూలియన్, అంటే అవును-కాదు అనే విలువ మాత్రమే. పైథాన్ 3.10లో టైప్‌గార్డ్, 3.13లో టైప్‌ఈజ్ వచ్చింది ఈ ముడి వేయడానికే. మొదటిది ట్రూ కొమ్మలోనే పనిచేస్తుంది, రెండోది రెండు కొమ్మల్లోనూ. లోపల రాసింది నిజమో కాదో మాత్రం చెకర్ పెద్దగా పట్టించుకోదు, రాసినవాడి మాటే వేదం. టైప్‌స్క్రిప్ట్ 2024 జూన్‌లో వచ్చిన 5.5 నుంచి చిన్నచిన్న ఫంక్షన్ల విషయంలో ఆ ముడిని తనే కనిపెడుతోంది. ఖాళీలు ఉన్న జాబితాను ఫిల్టర్ చేసినా ఖాళీలు పోలేదని మొండికేసే పాత గొడవ దాంతో చాలావరకు తీరింది.

నోరు మూయించే మార్గాలు ఎలాగూ ఉన్నాయి. టైప్‌స్క్రిప్ట్‌లో ఒక ఆశ్చర్యార్థకం, కాట్లిన్‌లో రెండు, పైథాన్‌లో అసర్ట్ గానీ క్యాస్ట్ గానీ. వీటిలో అసర్ట్, కాట్లిన్ జంట ఆశ్చర్యార్థకాలు నడిచేటప్పుడు నిజంగా చూస్తాయి, అబద్ధమైతే అక్కడే ఆగుతాయి. మిగతా రెండూ ఒట్టి మాటలు. పైథాన్‌ను ‘మైనస్ ఓ’ పెట్టి నడిపితే అసర్ట్‌లు కూడా మాయమవుతాయని మర్చిపోకూడదు.

టికెట్ల ప్రోగ్రామ్‌లో ‘ఇఫ్ ఛార్జీ’ని ‘ఇఫ్ ఛార్జీ ఈజ్ నాట్ నన్’గా మార్చాక జీరో టికెట్లు తమ చోటికి వచ్చాయి. ఇంకో చిక్కు బయటపడింది. నెలవారీ పాస్ ఉన్నవాళ్లకు ఆ ట్రిప్పు ఛార్జీ అనేదే ఉండదు. విద్యార్థి దానికీ నన్ పెట్టాడు. మెషీన్ నుంచి వివరం రాకపోతే అప్పుడూ నన్. నారోయింగ్ ఎంత బాగా చేసినా ఈ రెంటినీ విడదీయలేదు. నన్ అని తేలడంతో దాని పని అయిపోతుంది, ఎందుకు నన్ అన్నది టైప్‌లో లేదు. ఆప్షనల్‌ను ఇంకో ఆప్షనల్‌లో పెట్టినా పైథాన్‌లో లాభం లేదు, రెండూ కరిగి ఒకే ‘అంకె లేదా నన్’ అయిపోతాయి. రస్ట్‌లో అయితే డబ్బాలో డబ్బా డబ్బాలాగే ఉంటుంది.

కాబట్టి ఇక్కడ ఆప్షనల్‌నే వదిలేయాలి. డబ్బిచ్చిన టికెట్, జీరో టికెట్, పాస్, అందని వివరం అని నాలుగు చిన్న క్లాసులు రాసి, టికెట్ అంటే వీటిలో ఏదో ఒకటి అని టైప్ ఇవ్వాలి. అప్పుడు పైథాన్ 3.10లో వచ్చిన మ్యాచ్‌తో ఒక్కోదాన్ని విడదీస్తుంటే ప్రతి కొమ్మలోనూ టైప్ దానంతటదే సన్నబడుతుంది. చివర్న 3.11లో వచ్చిన ‘అసర్ట్ నెవర్’ పెడితే, అక్కడికి ఏదీ చేరకూడదని చెకర్‌కు చెప్పినట్టు. రేపు ఇంకో రాయితీ వచ్చి ఐదో రకం టికెట్ చేరితే, దాన్ని పట్టించుకోవడం మర్చిపోయిన ప్రతి మ్యాచ్ దగ్గరా, బస్సు కదలకముందే ఎర్ర గీత కనిపిస్తుంది.